మూసీ వెంట సైకిలుయాత్ర

సైకిలు బాగా తొక్కడం వచ్చిన ప్రతి విద్యార్థికి ఎప్పుడో ఒకప్పుడు దూరప్రయాణము చేయవలెనన్న కోరిక పుడుతుంది. ఒంటరిగా పోతానంటే ఇంటివారు ఒప్పుకోరు. నలుగురు స్నేహితులు కలిస్తే ధైర్యము వస్తుంది. ఏ దారిన పోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ నలుగురిలో ఒకడు తప్పక ఒక మాట అంటాడు: "ఏటివెంట పోదాము. ఏరు ఎప్పుడూ పల్లానికే పారుతుంది గదా! మనకు తొక్కే శ్రమే ఉండదు." ఈ మాటలో నిజము ఉన్నది. కాని ఎంత నిజమున్నదో లెక్కవేసి చూడవలె. ఉన్నత పాఠశాలలో చెప్పే భౌతికశాస్త్రమే ఈ లెక్కకు చాలును.

దారి ఎట్లున్నది?

ఉదాహరణకు రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నమును తీసుకొందాము. ఈ ఊరు హైదరాబాదుకు ఆగ్నేయంగా, నాగార్జునసాగరానికి పోయే రహదారి మీద ఉన్నది. మన కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుండి 1580 వరకు గోలకొండను ఏలినాడు. ఇక్కడి పెద్ద చెరువు ఆయన కాలము నాటిది. ఈ ఊరి విద్యార్థులు నలుగురు, వారి ఉపాధ్యాయుడు ఒకరు సంక్రాంతి సెలవులలో సైకిళ్ల మీద బయలుదేరుతున్నారనుకొందాము. ఉత్తరముగా పోయి, విజయవాడ రహదారిని దాటి, పిల్లాయిపల్లి దగ్గర మూసీని కలుసుకొంటారు. 1951లో వినోబా కాలినడకన వచ్చిన పోచంపల్లి, ఆ తరువాత వలిగొండ, 1963లో మూసీ ప్రాజెక్టు పూర్తి అయిన సోలిపేట వీరి మజిలీలు. చివరి మజిలీ మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి. రోజుకు నాలుగు గంటలు, గంటకు 15 కిలోమీటర్ల వేగముతో, అంటే రోజుకు 60 కిలోమీటర్లు తొక్కడము వారి ఏర్పాటు.

మూసీ వికారాబాదు సమీపాన అనంతగిరి కొండలలో పుడుతుంది. అక్కడ దాని ఎత్తు సముద్రమట్టానికి సుమారు 660 మీటర్లు. వాడపల్లి దగ్గర సుమారు 60 మీటర్లు. నది పొడవు దాదాపు 240 కిలోమీటర్లు. అంటే 240 కిలోమీటర్లలో 600 మీటర్లు దిగుతుంది. సగటున కిలోమీటరుకు రెండున్నర మీటర్లు. మరొక విధముగా చెప్పితే 400 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు దిగుతుంది. ఏ నది అయినా పుట్టిన చోట ఎక్కువ వాలుగను, పోనుపోను తక్కువ వాలుగను పారుతుంది గనుక ఇది సగటు మాత్రమే అని గుర్తుంచుకోవలె. ఐరోపాలో డాన్యూబు నది వెంట జర్మనీలోని పాసావు నుండి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు సైకిలు ప్రయాణికులకు పేరుపొందిన దారి ఒకటి ఉన్నది. అక్కడ నది వాలు కిలోమీటరుకు అరమీటరు దరిదాపులోనే ఉంటుంది. దానితో పోల్చితే మన మూసీ చాల ఏటవాలు నది అన్నమాట.

ఏరు చేసే సాయము

ఇప్పుడు బలములను లెక్కకట్టుదాము. విద్యార్థి బరువు 55, పాతకాలపు దృఢమైన సైకిలు బరువు 20, సంచి బరువు 5 కిలోగ్రాములు అనుకొందాము. మొత్తము 80 కిలోగ్రాములు. భూమి దీనిని లాగే బలము సుమారు 784 న్యూటన్లు. 400కు ఒకటి వాలు ఉన్న దారిలో ఈ బలములో 400వ వంతు మాత్రమే సైకిలును ముందుకు తోస్తుంది. అది 2 న్యూటన్లకు కొంచెము తక్కువ. దాదాపు 200 గ్రాముల బరువును చేతిలో పట్టుకొంటే తెలిసే బలమంత! ఏరు మనకు చేసే సాయము ఇదే.

ఎదిరించే బలములు రెండు. మొదటిది చక్రము దొర్లేటప్పుడు కలిగే నిరోధము. టైరు నేలను తాకిన చోట నొక్కుకొని, వెంటనే మళ్లీ ఉబ్బుతూ ఉంటుంది. నొక్కడానికి ఖర్చయిన శక్తి అంతా ఉబ్బేటప్పుడు తిరిగి రాదు. కొంత వేడిగా మారిపోతుంది. మంచి తారురోడ్డు మీద, గాలి నిండుగా ఉన్న టైర్లతో ఈ నిరోధము మన విద్యార్థికి సుమారు 6 న్యూటన్లు. టైరులో గాలి తగ్గితే ఇది రెట్టింపు కావచ్చును. ఇసుకదారిలో ఇంకా ఎక్కువ అవుతుంది. స్కాట్లండుకు చెందిన డన్‌లప్ 1888లో గాలి టైరును సైకిలుకు అమర్చినప్పుడు లోకమంతా దానిని అంగీకరించడానికి కారణము ఈ నిరోధము తగ్గడమే.

రెండవది గాలి నిరోధము. ఇది వేగముతో కాక, వేగము యొక్క వర్గముతో పెరుగుతుంది. నిటారుగా కూర్చుని తొక్కే మనిషికి గంటకు 10 కిలోమీటర్ల వేగమున ఈ నిరోధము సుమారు 2.7 న్యూటన్లు, 15 వద్ద 6, 20 వద్ద 10.7, 30 వద్ద 24. వేగము రెట్టింపు అయితే నిరోధము నాలుగింతలు అవుతున్నదని ఈ అంకెలే చెప్పుచున్నవి.

గాలి వీచని ఉదయమున గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోతుంటే ఎదిరించే బలము 6, 6 కలిసి 12 న్యూటన్లు. ఏరు ఇచ్చిన 2 తీసివేస్తే మిగిలేది 10. ఆ వేగము సెకండుకు 4.17 మీటర్లు. బలమును వేగముతో హెచ్చిస్తే సామర్థ్యము వస్తుంది: దాదాపు 42 వాట్లు. వాలు లేని దారిలో అయితే 50 వాట్లు కావలె. అదే ఏటికి ఎదురుగా వాడపల్లి నుండి తిరిగి వచ్చేటప్పుడు 58 వాట్లు. "ఏరు పల్లానికి పోతుంది" అన్న స్నేహితుని మాట తప్పు కాదు. కాని ఏరు తగ్గించేది శ్రమలో ఆరవ వంతు మాత్రమే.

ఏరు తూర్పుకు, గాలి పడమటికి

ఈ లెక్కలో ఇంతవరకు వీచేగాలిని చేర్చలేదు. మూసీ చాల దూరము తూర్పుగా పారుతుంది. మన దక్కను పీఠభూమిలో నైరుతి ఋతుపవన కాలమున గాలి పడమటి దిక్కు నుండి వీస్తుంది. చలికాలములో గాలులు ఎక్కువగా తూర్పు, ఈశాన్య దిక్కుల నుండి వస్తాయి. అంటే, వానలు లేక ప్రయాణానికి అనుకూలమైన సంక్రాంతి రోజులలోనే ఏటివెంట దిగిపోయేవానికి ఎదురుగాలి తగులుతుంది.

గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి అంటే పెద్ద గాలి కాదు. చెట్ల ఆకులు కదులుతాయి, మొఖానికి చల్లగా తగులుతుంది; అంతే. కాని 15 కిలోమీటర్ల వేగముతో పోయే సైకిలుకు ఆ గాలి 25 కిలోమీటర్ల వేగముతో తగులుతుంది. నిరోధము 6 న్యూటన్ల నుండి దాదాపు 16.7 న్యూటన్లకు పెరుగుతుంది. దొర్లుడు నిరోధము 6 కలిపి, ఏటి సాయము 2 తీసివేస్తే 20.7 న్యూటన్లు. కావలసిన సామర్థ్యము 86 వాట్లు. గాలిలేని వేళతో పోల్చితే రెట్టింపు కంటె ఎక్కువ! ఏరు 2 న్యూటన్లు ఇస్తే, మనము గమనించను కూడా గమనించని చిరుగాలి దాదాపు 11 న్యూటన్లు తీసుకొని పోయినది.

కండరముల పని అలవాటు ఉన్న ఆరోగ్యవంతుడు గంటల తరబడి ఆగక చేయగల పని సుమారు 75 వాట్లు. కొద్ది నిమిషములు దీనికి రెండు మూడు రెట్లు చేయగలడు గాని, రోజంతా చేయలేడు. మన విద్యార్థి గాలిలేని వేళ 42 వాట్లతో ఈ హద్దుకు చాల దిగువన ఉన్నాడు. ఎదురుగాలిలో 86 వాట్లతో హద్దు దాటినాడు. అతడు ఒంటరిగా ఉంటే మధ్యాహ్నానికి నీరసించి పోతాడు. బలహీనుడని కాదు, లెక్క అట్లా ఉన్నది.

తోటివాడు చేసే సాయము

ముందు పోయే సైకిలు గాలిని చీల్చుకొని పోతుంది. దాని వెనుక కొంతదూరము వరకు గాలి కూడా ఆ సైకిలుతో పాటు ముందుకు ఈడ్వబడుతూ ఉంటుంది. ఆ గాలిలో పోయేవానికి ఎదురుగాలి తక్కువగా తగులుతుంది. ఎంత దగ్గరగా పోతే అంత లాభము. పందెములలో పోయేవారు ముందువాని చక్రానికి అడుగు ఎడములో పోతారు. విద్యార్థులు అట్లా చేయరాదు. ముందు చక్రము, వెనుక చక్రము ఒరుసుకొంటే వెనుకవాడు తప్పక పడిపోతాడు. ఒక సైకిలు పొడవు ఎడము ఉంచినా గాలి నిరోధములో దాదాపు పావువంతు తగ్గుతుంది. గాలి సూటిగా కాక పక్క నుండి వీస్తే లాభము ఇంతకంటె తక్కువ.

పైన చెప్పిన ఎదురుగాలిలో 16.7 న్యూటన్లకు పావువంతు అంటే 4 న్యూటన్లకు పైమాట. ఏరు ఇచ్చినది 2. ముందు పోయే స్నేహితుడు ఇచ్చినది 4! వెనుక పోయేవానికి కావలసిన సామర్థ్యము 86 నుండి 69 వాట్లకు దిగుతుంది. అంటే హద్దు దాటినవాడు మళ్లీ హద్దులోకి వచ్చినాడు. నదివాలు కంటె స్నేహితుని వీపు రెండింతలు మేలు చేస్తుందని తేలినది.

అయితే ముందు పోయేవాడు 86 వాట్లు ఖర్చు పెట్టుతూనే ఉన్నాడు. అందుచేత పది నిమిషములకు ఒకసారి ముందువాడు మారవలె. నలుగురు వంతులవారీగా ముందుకు వస్తే ఒక్కొక్కరు నాలుగవ వంతు కాలము 86 వాట్లు, మిగిలిన కాలము 69 వాట్లు ఖర్చు పెడతారు. సగటున 73 వాట్లు. నలుగురూ హద్దులో ఉంటారు. విద్యార్థులలో బలహీనుడు చివర కాక, ముందువాని వెంటనే రెండవ స్థానములో ఉండవలె. వేగము అతనిని బట్టి నిర్ణయించవలె. ఉపాధ్యాయుడు అందరికంటె వెనుక ఉండి నలుగురినీ చూస్తుండవలె.

జట్టులో బలవంతుడు విసుగుపుట్టి గంటకు 20 కిలోమీటర్ల వేగముతో ముందుకు దూసుకొని పోయినాడనుకొందాము. అదే ఎదురుగాలిలో అతనికి 156 వాట్లు కావలె. వేగము మూడవ వంతు పెరిగితే శ్రమ దాదాపు రెట్టింపు అయినది. అతడు పోయిన తరువాత వెనుకబడిన ముగ్గురికి కూడా వంతులు తొందరగా వస్తాయి. జట్టు చెదిరితే అందరికీ నష్టమే.

1923లో బొంబాయి నుండి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచమును చుట్టడానికి బయలుదేరినారు. వారిలో ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భుమ్‌గరా అనే ముగ్గురు మాత్రమే యాత్ర పూర్తిచేసి 1928లో బొంబాయికి తిరిగి చేరినారు. నాలుగేండ్లకు పైబడిన ఆ యాత్రను వారు ఒంటరిగా కాక జట్టుగా సాగించినారని మనము గమనించవలె.

గాలిని తప్పించుకొనడానికి మరొక ఉపాయము కూడా ఉన్నది. రాత్రి నేల చల్లబడితే నేలకు దగ్గరగా ఉన్న గాలి చల్లనై, బరువెక్కి, కదలక నిలుస్తుంది. ప్రొద్దెక్కి నేల వేడెక్కిన తరువాత పైగాలి, క్రిందిగాలి కలిసి, పైనున్న వేగము క్రిందికి దిగుతుంది. అందుచేత తెల్లవారుజామున వెలుగు రాగానే బయలుదేరి పది గంటల లోపల పెద్దభాగము ముగించినవాడు 86 వాట్ల పనిని 42 వాట్లతో చేసుకొంటాడు.

వాగుల దగ్గర

ఏరు ఎక్కడా ఎత్తుకు ఎక్కదు గాని, ఏటివెంట పోయే రోడ్డు ఎక్కుతుంది. మూసీలో కలిసే ప్రతి వాగు దగ్గర రోడ్డు దిగి మళ్లీ ఎక్కవలసినదే. 30 మీటర్లకు ఒక మీటరు ఎక్కే చోట భూమి వెనుకకు లాగే బలము 26 న్యూటన్లు. ఏరు ఇచ్చిన దానికి పదమూడింతలు. ముందు పండ్లచక్రానికి 48, వెనుక దానికి 18 పండ్లు ఉన్న సైకిలు, పెడలు ఒకసారి తిప్పితే దాదాపు 6 మీటర్లు పోతుంది. ఈ లెక్కన చదునైన దారిలో పెడలు మీద సగటున 7 కిలోల బరువు మోపితే చాలును. ఎక్కుడులో మెల్లగా పోయినా సుమారు 19 కిలోలు మోపవలె. గేర్లు లేని సైకిలు దిగి నడిపించుకొని పోవడము నామోషీ కాదు, శక్తిని దాచుకొనడము.

తిండి, చెమట, నీరు

సగటున 50 వాట్ల చొప్పున నాలుగు గంటలు తొక్కితే జరిగిన పని 720 కిలోజౌళ్లు. మన కండరములు తిన్న ఆహారపు శక్తిలో సుమారు నాలుగవ వంతునే పనిగా మార్చగలవు. కాబట్టి 2,880 కిలోజౌళ్లు, అంటే దాదాపు 700 కిలోకాలరీలు ఖర్చు అవుతాయి. ఇది సుమారు 200 గ్రాముల జొన్నపిండిలో ఉన్న శక్తి. రోజూ తినే తిండికి అదనముగా రెండు మూడు జొన్నరొట్టెలు, నడుమ ఇన్ని పల్లీలు, బెల్లము ఉంటే సరిపోతుంది.

మిగిలిన మూడు వంతులు, 2,160 కిలోజౌళ్లు, వేడిగా మారి ఒంటిలో నిలుస్తాయి. ఈ వేడిని బయటికి పంపే ముఖ్యసాధనము చెమట. ఒక లీటరు చెమట ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్లు కావలె. కనుక ఈ వేడికే దాదాపు లీటరు చెమట పోయవలె. ఎండ వేడి దీనికి అదనము. కారి నేలరాలిన చెమట ఒంటిని చల్లబరచదు. ఆవిరి అయినదే చల్లబరుస్తుంది. అందుచేత గంటకు అరలీటరు నీటికి తగ్గకుండా, దాహము వేయకముందే, కొద్దికొద్దిగా త్రాగుతుండవలె. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రావడానికి ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ మంచిది.

అయితే ఏటివెంట పోయేవాడు ఏటినీరు త్రాగవచ్చునా? హైదరాబాదు నగరపు మురుగునీరు కలిసిన తరువాత మూసీ నీరు త్రాగదగినది కాదు. దిగువన ఆనకట్టల వెనుక నీరు నిలిచినచోట మడ్డి అడుగున చేరి, ఎండ, గాలి, సూక్ష్మజీవుల వలన నీరు కొంత తేటపడుతుంది. చూపుకు తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రమైనదని అనుకోరాదు. మరగకాచితే క్రిములు చస్తాయి గాని, కరిగి ఉన్న లోహములు, రసాయనములు పోవు. దారిలోని బోరునీటిని కూడా విచారించకుండా త్రాగరాదు. నల్లగొండ ప్రాంతపు భూగర్భజలములో చాలచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించితే ఆ నీరు త్రాగడానికి పనికిరాదని మన దేశపు ప్రమాణము. ఫ్లోరైడు కాచితే పోదు. నీరు ఇగిరిన కొద్దీ మరింత చిక్కబడుతుంది. ఊళ్లలో కుళాయి ద్వారా వచ్చే శుద్ధిచేసిన నీటినే సీసాలలో నింపుకోవలె.

పారే నీటి మీద సాహసము వద్దు

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో హైదరాబాదులో వేలమంది ప్రాణములు పోయినవి. ఆ తరువాతనే 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తి అయినవి. ఈ జలాశయములు నిండి తలుపులు ఎత్తినప్పుడు దిగువన ఆకాశము నిర్మలముగా ఉన్నా ఏరు పొంగవచ్చును. జూలూరు, రుద్రవెల్లి గ్రామాల నడుమ తక్కువ ఎత్తున ఉన్న వంతెన మీదుగా నీరు పారి రాకపోకలు నిలిచిన సందర్భములున్నవి.

మోకాలి లోతు నీరే గదా అని సైకిలు పట్టుకొని దిగేవారు కొందరు. గాలి నిరోధానికి చెప్పిన సూత్రమే నీటికీ వర్తిస్తుంది. కాని నీటి సాంద్రత గాలికి ఎనిమిది వందల రెట్లకు పైన. సెకండుకు 2 మీటర్ల వేగముతో పారే నీరు, కాళ్లు, చక్రము కలిసి చదరపు మీటరులో పదవ వంతు అడ్డుపడితే, దాదాపు 200 న్యూటన్ల బలముతో పక్కకు నెట్టుతుంది. 20 కిలోల మూటను పక్కనుండి కాళ్లకు వ్రేలాడదీసినట్లు! పైగా కాళ్ల క్రింద పాచి. అందుచేత వానకాలములో ఈ యాత్ర పెట్టుకొనరాదు. వంతెన మీద నీరు పారుతుంటే, ఎంత దూరమైనా సరే, చుట్టుదారిన పోవలె.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఈ లెక్కలను నమ్మడము కంటె పరీక్షించి చూడడము మేలు. వాహనములు రాని మైదానములో ఒక గీత గీసి, గంటకు 15 కిలోమీటర్ల వేగముతో అక్కడికి వచ్చి తొక్కడము మానివేయవలె. సైకిలు ఎంతదూరము పోయి ఆగినదో కొలవవలె. మొదట టైర్లు గట్టిగా గాలి నింపి, తరువాత గాలి సగము తీసి, ఇదే పరీక్ష చేయవలె. ఆపైన నిటారుగా కూర్చుని ఒకసారి, ముందుకు వంగి ఒకసారి చేయవలె. గాలివైపుకు, గాలి వెనుక నుండి వచ్చేటట్లు కూడా చేసి సగటులు తీయవలె. నిరోధము ఎక్కడ ఎంత ఉన్నదో విద్యార్థులు తామే చెప్పగలుగుతారు. యాత్రలో ప్రతి వంతెన దగ్గర నీటి రంగు, వాసన, నురుగు, గాలి దిక్కు నోటుపుస్తకములో వ్రాసుకొంటే, వాడపల్లి చేరేసరికి ఆ పుస్తకము మూసీ చరిత్రలో ఒక చిన్న అధ్యాయమవుతుంది.

బయలుదేరేముందు టైర్లు, బ్రేకులు, గొలుసుకు నూనె చూసుకోవలె. తలకు శిరస్త్రాణము పెట్టుకోవలె. విజయవాడ రహదారిని దాటేటప్పుడు సైకిలు దిగి, అందరు కలిసి దాటవలె. దారిలో ఎవరికైనా నీరసము వస్తే అతనిని ముందువాని వెనుకకు చేర్చి, వేగము తగ్గించవలె. ఏరు ఇచ్చే 2 న్యూటన్లు పోయేటప్పుడు మాత్రమే వస్తాయి; తిరిగి వచ్చేటప్పుడు ఏరు వాటిని వెనుకకు తీసుకొంటుంది. తోటివాడు ఇచ్చేది రెండువైపులా ఉంటుంది.